పక్కకి జరిగిన పెద్ద గెలాక్సీ

దాంఘాన్ పిస్తా తోటల వాళ్ళమ్మాయి నస్తరన్ టెహరాన్ వచ్చి మా విశ్వవిద్యాలయంలో చేరి, గెలాక్సీలు ఎక్కడెక్కడ కూర్చుంటాయో కనుక్కోవడానికే యవ్వనమంతా ఖర్చుపెట్టింది. కంటికి కనపడని కృష్ణపదార్థం ఆకాశంలో పెద్ద పెద్ద ముద్దలుగా ఉంటుంది. గెలాక్సీలు ఆ ముద్దల్లోనే గుంపులుగా కాపురం చేస్తాయి. గుంపులో పెద్దది నట్టనడుమ, చిన్నవి దాని చుట్టూ అన్నది మా విభాగాధిపతి డాక్టర్ మొస్తౌఫీ సిద్ధాంతం. విశ్వం ఆయన్ని అడక్కుండానే ఏర్పడింది కాబట్టి, నస్తరన్ లెక్కలో ప్రతి మూడు గుంపుల్లో ఒకదాంట్లో పెద్దది పక్కకి జరిగి ఉంది. ఆయన సంతకం లేనిదే ఆమె సిద్ధాంత గ్రంథానికి డాక్టరేటు రాదు.

"లెక్క తప్పి ఉంటావు. ఆ అధ్యాయం తీసెయ్యమ్మా," అన్నాడాయన ప్రేమగా.

"అది తీస్తే పుస్తకానికి అట్టలే మిగులుతాయి డాక్టర్ గారూ."

మౌఖిక పరీక్ష రోజున, పరీక్షించే పెద్దలకి పళ్ళూ మిఠాయిలూ అభ్యర్థే పెట్టాలని మా దగ్గర ఆనవాయితీ. ఆ రోజు నస్తరన్ వాళ్ళ ఆజర్ పిన్ని అవన్నీ బల్లనిండా సర్దింది. పెద్దలేమో గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"మీరు ముందు."

"అబ్బే, మీరుండగానా!"

ఈలోగా ఏదో దూరపు గెలాక్సీ నుంచి బయల్దేరిన వెలుగు భూమికి చేరే ఉంటుంది. ఎలాగో లోపలికొచ్చాక, మొస్తౌఫీ వినయంగా తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"అయ్యో, మీ చోటు మధ్యలో కదండీ!"

"నాబోటివాడికి ఇది చాలు."

మూడుసార్లు బతిమాలించుకుని లేవాలని ఆయన ఎత్తు. రెండోసారికే, తబ్రీజ్ నుంచి రైల్లో వచ్చిన డాక్టర్ ఐవజ్‌జాదే, "అయితే నేను కూర్చుంటా, నడుం విరిగింది," అంటూ నడిమి కుర్చీలో వాలిపోయాడు.

నస్తరన్ లెక్కంతా చెప్పి ముగించింది. తలుపు పక్క నుంచి గర్జన వినిపించింది.

"మధ్యలో లేనిది పెద్దదెలా అవుతుందమ్మా?"

గదిలో అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. పిన్ని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"మీరెక్కడ కూర్చుంటే అదే మధ్య, డాక్టర్ గారూ," అంది నస్తరన్ తల వంచి. "పాపం, గెలాక్సీలకి ఆ భాగ్యం లేదు. అవి పక్కన కూర్చుంటే పక్కన కూర్చున్నట్టే. పెద్దతనం మాత్రం ఎక్కడికీ పోదు."

"బాగా చెప్పావు తల్లీ!" అన్నాడు ఐవజ్‌జాదే, నోటినిండా మిఠాయితో.

కాదంటే తన పెద్దతనం పోతుంది. ఔనంటే ఆ అధ్యాయం నిలబడుతుంది. మొస్తౌఫీ పళ్ళతోపాటు పెట్టిన ఒక లేత దోసకాయని చాలాసేపు నమిలాడు. చివరికి కలం తీశాడు. సంతకానికి గీసిన గీత అడుగున ఓ మూల ఉంటే, కాగితం నట్టనడుమ సంతకం పెట్టాడు.