సున్నా అత్త అడగని ప్రశ్న

"పాప తరిగిపోతోంది. పోయిన ఆదివారానికీ ఈ ఆదివారానికీ నూట ఎనభై గ్రాములు తగ్గింది. నాలుగు నెలల బిడ్డ పెరగాలి గానీ తరగడమేమిటి?"

ఈ మాట పాప తల్లి మొదట భర్తతో అంది, తర్వాత ఫోనులో రాసింది. భర్త పాపను ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూసి, బానే ఉందనీ, నిన్నటికన్నా గట్టిగా ఏడుస్తోందనీ చెప్పాడు. ఏడుపు ఆమెకు కొలతగా తోచలేదు. ఆమె నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. లీటరు నీటిలో ఏది ఎన్ని మిల్లీగ్రాములుందో తేల్చడం ఆమె ఉద్యోగం. ప్రసవానికని సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాక కొలవడానికి పాప తప్ప ఇంకేమీ దొరకలేదు. ఒక కాటా కొంది. బీరువా తలుపుకు గ్రాఫు కాగితం అంటించి వారం వారం చుక్క పెట్టింది. ఆ చుక్కల గీత మొదటిసారి కిందికి వంగింది.

ఫోనులో తల్లుల గుంపు ఒకటుంది. పదకొండు వందల మంది. కడుపుతో ఉన్నప్పుడే అందులో చేరింది. అక్కడ ఎంతమంది రాసినా ఆమె ఎదురుచూసేది ఒక్కరి జవాబు కోసం. ఆవిడ అదే ఊళ్ళో పిల్లల ఆసుపత్రిలో ఇరవయ్యేడేళ్ళుగా బిడ్డల్ని తూచే పనిలో ఉంది. బరువు గురించి ఎవరేమడిగినా ముందు "కాటా సున్నా చూశావా" అని ఎదురడిగేది గనుక అందరికీ సున్నా అత్త అయింది.

సున్నా అత్త రాతలో కామా ఉండదు, ఫుల్‌స్టాపు ఉండదు. రెండే వాక్యాలు, అందులో మొదటిది ప్రశ్న. పాలు తాగి ఎంతసేపయింది, ఏ చెవి లాక్కుంటోంది, నిన్న ఎవరింటికైనా వెళ్ళారా. ఒకసారి ఒకావిడ తన కొడుకు ముద్ద ముట్టడం లేదని పేజీ నిండా రాస్తే, "ముందు నువ్వు తిన్నావా తల్లీ" అని అడిగింది. ఆవిడ తినలేదు.

కొన్ని నెలలుగా గుంపులో మాటల తీరు మారింది. ఏది అడిగినా నిమిషం తిరక్కుండా జవాబులు వచ్చిపడేవి. గోరు దిగనంత నున్నటి జవాబులు. "మీ ఆందోళన పూర్తిగా సహజమైనది" అని మొదలై, నాలుగు సలహాలు వరసపెట్టి, డాక్టరును కలవమనడంతో ముగిసేవి. చాలామంది ఏఐ చేత రాయించి అతికిస్తున్నారని అందరికీ తెలుసు. సలహా తప్పు కానప్పుడు ఎవరు రాస్తేనేం అని ఆమె కూడా అనుకుంది. ఎవరి బిడ్డకో దగ్గంటే తనూ ఒకసారి అలాగే రాయించి పెట్టింది. ఆ దగ్గు తగ్గిందో లేదో ఆ తర్వాత అడగలేదు.

ఇప్పుడు ఆమె ప్రశ్నకు ఇరవై రెండు జవాబులు వచ్చాయి. ఇరవై మూడోది సున్నా అత్తది. పదకొండు వరసలు. కామాలున్నాయి, చివర పువ్వు బొమ్మ ఉంది. "ఇద్దరు బిడ్డల తల్లిగా చెబుతున్నాను, ఇలాంటి హెచ్చుతగ్గులు మామూలే, మీ మనసు చెప్పేది వినండి" అని ఉంది. ఆమె మూడుసార్లు చదివింది. మనసు పొద్దుటి నుంచి గోల పెడుతూనే ఉంది, దాన్ని వినడానికి ఇంకొకరు చెప్పాలా? నాలుగోసారి చదివినప్పుడు తెలిసింది తనకు లోటనిపించింది ఏమిటో. అందులో ప్రశ్న లేదు.

మర్నాడు పొద్దున్నే పాపను చుట్టబెట్టుకుని రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్ళింది. తూకం గది నడవా చివర ఉంది. ఒక కిటికీ, ఒక బెంచీ, బల్ల మీద పళ్ళెం కాటా. సున్నా అత్త పొట్టి మనిషి. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతోంది. ఒక్కో బిడ్డను పడుకోబెట్టే ముందు పళ్ళెంలో తన అరచేయి కాసేపు ఆనించి చలువ తీస్తోంది. అంకె చదివి తల్లి కళ్ళలోకి చూసి చెబుతోంది. మంచిదనీ చెడ్డదనీ అనడం లేదు.

తన వంతు రాగానే ఆమె పాపను ఇవ్వలేదు, ఫోను ఇచ్చింది.

"అత్తా, ఇది మీరు రాసిందేనా?"

అత్త కళ్ళజోడు పెట్టుకుని పెదాలు కదుపుతూ చదివింది. "ఇద్దరు బిడ్డలా? ఎప్పుడు కన్నానమ్మా, నాకే తెలీలేదే!"

బెంచీ మీది తల్లులు నవ్వారు. అత్త పెళ్ళి చేసుకోని మనిషని అక్కడ అందరికీ తెలుసు. రెండోసారి, పైనున్న ప్రశ్నతో కలిపి చదివేటప్పుడు మాత్రం ఆవిడ మొహంలో నవ్వు లేదు.

పాపను అందుకుని బట్టలు విప్పుతూ అత్త జరిగింది చెప్పింది. అత్త మాట కటువుగా ఉందని గుంపులో కొందరు ఫిర్యాదు చేశారు. గుంపు నడిపే ఆవిడ, కాస్త మెత్తగా రాయండి లేదా తప్పుకోండి అంది. అత్త చెల్లెలి కూతురు జాలిపడి, ఫోనులో ఏదో పెట్టి ఇచ్చింది. అప్పటినుంచి ఎవరేమడిగినా అత్త పేరుతో ఆ ఏఐయే జవాబిస్తోంది.

"నా మాటకు కామాలు పెడుతుంది కాబోలనుకున్నా. మాటే దానిదని అనుకోలేదు" అంది అత్త. "సరేగానీ, ఆ పోయిన ఆదివారం ఎప్పుడు తూచావు?"

"పొద్దున. పాలు తాగాక."

"ఒంటి మీద?"

"చొక్కా. డైపరు."

"పొడిదా, తడిదా?"

గ్రాఫు కాగితం మీద ఆమె అది రాసుకోలేదు.

"మరి నిన్న?"

"స్నానానికి ముందు. బట్టల్లేవు. అప్పటికింకా పాలు తాగలేదు." మాట పూర్తి కాకముందే ఆమె చెవులు వేడెక్కాయి. ల్యాబులో ఎవరైనా ఒకే బీకరును ఒకసారి తడిగా, ఒకసారి పొడిగా తూచి అంకెలు తెస్తే కాగితం చించి బుట్టలో పడేసేది.

అత్త పళ్ళేన్ని వెచ్చజేసి పాపను పడుకోబెట్టింది. ఆరువేల నూట పది. మూడు వారాల కిందట టీకాకు వచ్చినప్పుడు ఇదే కాటా మీద ఐదువేల ఆరువందల తొంభై అని కార్డులో ఉంది, అత్త చేతిరాతతోనే.

"తరిగింది పాప కాదు తల్లీ, పాలూ ఉచ్చా" అంది అత్త.

ఆమె బెంచీ మీద కూర్చుని పాపకు పాలు పట్టింది. ఆలోపు అత్త, బిడ్డకూ బిడ్డకూ మధ్య, తన పేరుతో వెళ్ళిన జవాబులన్నీ వెనక్కి తిప్పి చదువుతోంది. తొమ్మిది రోజుల్లో అరవై మూడు. ఒకచోట వేలు ఆగింది. జ్వరంతో ఉన్న బిడ్డ పాలకు కూడా లేవడం లేదని ఒక తల్లి అడిగితే, బిడ్డకు విశ్రాంతి అవసరమని సున్నా అత్త పేరుతో జవాబుంది. కింద మళ్ళీ పువ్వు.

అత్త తూకం ఆపి నడవాలోకి వెళ్ళి ఆ తల్లికి ఫోను చేసింది. నాలుగు ప్రశ్నలడిగి, ఎక్కువసేపు వింది. తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంది. ఆ తల్లి జవాబు చదివి ఊరుకుందట. పాలు అప్పు అడగడానికి వచ్చిన పక్కింటావిడ బిడ్డ ఒళ్ళు పట్టుకు చూసి, తల్లిని నాలుగు తిట్టి, తనే ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తిందట. బిడ్డ ఇప్పుడు లేచి పాలు తాగుతోంది.

చెల్లెలి కూతురు పెట్టినదాన్ని అత్త ఆ మధ్యాహ్నమే తీయించేసింది. గుంపులో మళ్ళీ కామాలు లేని మాటలు మొదలయ్యాయి, వాటితోపాటు ఫిర్యాదులూ మొదలయ్యాయి.

ఆమె ఇంటి ఎదురు వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. రెండేళ్ళుగా గుమ్మం ముందు చెప్పులు చూడడమే తప్ప పేరడిగింది లేదు. ఆ రోజు తర్వాత ఇప్పటికి నాలుగుసార్లు ఆ తలుపు కొట్టింది. మొదటిసారి ఏం చెప్పాలో తోచక పాపను ఆవిడ చేతుల్లో పెట్టి నిలబడిపోయింది. ఆవిడ నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టి, పాపను అందుకుని, ఏమైందని అడిగింది. నాలుగింటిలో మూడుసార్లు గుంపులో రాయాల్సిన పని పడలేదు.

ఆ తలుపు కొట్టించింది, తూకం గదిలో పాపను తిరిగి ఒళ్ళో పెడుతూ అత్త చెప్పిన మాట. "భయమేసినప్పుడు ఫోను తీసేముందు బిడ్డను ఇంకో మనిషి చేతిలో పెట్టు. నాకైనా సరే, ఆ తర్వాతే రాయి."