రంగు డబ్బాల్లో మిరప తోట

రంగుల దుకాణంలో ఆమెను అందరూ రంగులమ్మ అనేవారు. గోడ నుంచి రాలిన పెచ్చు, పాత కోటు గుండీ, పగిలిన కప్పు ముక్క, ఏది తెచ్చి చేతిలో పెట్టినా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేది. తర్వాత తెల్లరంగు డబ్బా మూత తీసి, ఈ చుక్కలు మూడు, ఆ చుక్కలు అయిదు వేసి కలిపి, చెక్కముక్క మీద పూసి ఆరనిచ్చేది. ఆరాక పెచ్చును ఆ చెక్క మీద పెడితే, ఎక్కడ పెట్టిందో వెతుక్కోవలసి వచ్చేది. రంగు కొలిచే యంత్రం దుకాణంలో ఉంది గానీ, యజమాని దాన్ని పెద్దగా నమ్మేవాడు కాదు. “అది రంగు చెప్తుంది. ఆ రంగు ఎన్నేళ్లు ఎండలో ఉందో చెప్పదు” అనేవాడు.

నలభై ఆరో ఏట ఆమెకు వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గి లేచిన రోజు ముఖం కడుక్కుంటే సబ్బుకు వాసన లేదు. కాఫీ వేడి నీళ్లలా ఉంది. రొట్టె నమిలితే తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. నీరసం వల్ల కాబోలు అనుకుంది. మూడో రోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే, పక్కనే నిలబడి కూడా ఆమెకు తెలియలేదు. ముందు గదిలోంచి అత్తగారు కేక వేసింది.

“ఏమ్మా, ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే నీ ముక్కు ఎక్కడ పెట్టుకున్నావు?”

ఆ మాటకి నవ్వబోయి ఆగిపోయింది. ముక్కు నిజంగానే ఎక్కడికో పోయింది.

డాక్టరు నాలుగు సీసాల మూతలు తీసి ఒక్కొక్కటే ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. నాలుగూ ఒకటే, గాలి. “జ్వరంలో నరం దెబ్బతింది. రుచి, వాసన రెండూ పోయాయి. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టాలమ్మా” అన్నాడు.

ఓపిక ఆమెకు కొత్త కాదు. కానీ రోజుకు మూడు పూటలా ఆకలి లేకుండా నమలడానికి కావలసిన ఓపిక వేరే. బట్టలు వదులైపోయాయి. రంగులు కూడా ఏదో అద్దం అవతల ఉన్నట్టు దూరం జరిగాయి. తడి సున్నం వాసన లేని తెలుపు ఆమెకు సగం తెలుపులాగే ఉండేది. కలల్లో మాత్రం వాసనలు వచ్చేవి. కలలో ఎవరింటి తలుపో తీసేది. లోపలి నుంచి వాన తడిసిన మట్టి, ఇస్త్రీ చేసిన దుప్పట్లు, కోసిన పండు, అన్నీ కలిసి ఒక్కసారి మీదికి వచ్చేవి. గుండెల నిండా పీల్చుకోబోయే లోపల మెలకువ వచ్చేది. తెల్లవారి దిండు దిండులాగే, గాలి గాలిలాగే ఉండేది.

ఒకరోజు దుకాణంలో మధ్యాహ్న భోజనం వేళ, యజమాని డబ్బాలోంచి పెట్టిన కూరలో పచ్చిమిరపకాయ ముక్క ఆమె పంటి కింద పడింది. కుడి దవడ దగ్గర చిన్నగా ఏదో చురుక్కుమంది. అక్కడి నుంచి నాలుక వెంట నడిచింది, పెదవుల దాకా వచ్చింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

“నీళ్లు తాగమ్మా” అన్నాడు యజమాని కంగారుగా.

“వద్దు సార్. కాసేపు ఉండనివ్వండి.”

నాలుగు నెలల తర్వాత తన నోరు తనకు తెలిసింది. తర్వాత వెళ్లినప్పుడు ఈ మాట చెబితే డాక్టరు తల ఊపాడు. కారం అసలు రుచి కాదట, వాసనా కాదట. అదొక మంటట. దాన్ని మోసే నరం వేరట. ఆ నరానికి జ్వరం అంటలేదు.

ఆ వారమే దుకాణానికి ఓడ వంటాయన వచ్చాడు. ముప్పై ఏళ్లు సరుకు ఓడల మీద వంట చేసి, కాళ్లు సహకరించక నేల మీద దిగిపోయిన మనిషి. జేబులోంచి రుమాలు తీసి, మడతలు విప్పి, గోరంత రంగు పెచ్చు చూపించాడు. ఆయన పనిచేసిన ఓడను ముక్కలు చేసి ఇనుముకి అమ్మేశారు. అంతకు ముందే దాని వంటగది గోడ నుంచి గీరి తెచ్చుకున్న పెచ్చు అది. ఇప్పుడు తానుండే గదికి అదే రంగు వేయించుకోవాలని ఆయన కోరిక.

ఆమె మూడు రోజులు ఆ పెచ్చుతో కూర్చుంది. నాలుగో రోజు ఆయన వస్తే అడిగింది.

“ఇందులో పొగ కూడా ఉంది పెద్దాయనా. మొదట వేసిన ఆకుపచ్చ కావాలా, పొగ పట్టిన ఆకుపచ్చ కావాలా?”

ఆయన ఖాళీ రుమాలు మళ్లీ మడత పెట్టుకున్నాడు. “పొగ పట్టిందే కావాలి తల్లీ” అన్నాడు.

ఆరిన చెక్కముక్కను ఆయన వేలితో కాదు, అరచేతితో తడిమి చూశాడు. వంటింటి కబుర్లు వచ్చాయి. మాటల్లో మాటగా తన నోటి సంగతి ఆమె చెప్పింది, మిరపకాయ సంగతీ చెప్పింది. పెద్దాయన నవ్వి, మర్నాడు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల పదకొండు కాగితం పొట్లాలు. ఓడ ఆగిన రేవుల్లో ఎవరెవరి దగ్గరో అడిగి తీసుకున్న మిరప గింజలు. పొట్లాల మీద పేర్లు లేవు. వంటవాడి రాతలో ఒక్కో మాట ఉంది. “నాలుక చివర మాత్రమే.” “గొంతులో, ఆలస్యంగా.” “ముందు నవ్వుతుంది, తర్వాత కొడుతుంది.” “గింజ నలుపు, చలికి ఓర్చుకుంటుంది.” ఆఖరి పొట్లం మీద “తెలియదు” అని రాసి ఉంది.

వాళ్ల బాల్కనీ మూడో అంతస్తులో, నిలువునా నాలుగు అడుగులు వేస్తే అయిపోయేది. సగం బట్టల తీగలదే. పొద్దుటి ఎండ పదకొండింటి దాకా ఉండేది. దుకాణంలో ఖాళీ అయిన ప్లాస్టిక్ రంగు డబ్బాలను ఆమె గీకి, కడిగి, రోజుకు రెండు చొప్పున ఇంటికి మోసింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్లో లిఫ్టులన్నీ ఆయన చేతి మీద నడిచేవి, తాముండే భవనంలోది తప్ప. ఆ మెట్లన్నీ ఎక్కి డబ్బాలు తెస్తున్న భార్యను చూసి, డ్రిల్లు తీసి డబ్బాల అడుగున బెజ్జాలు వేశాడు. అన్నిటికీ వేశాక అడిగాడు.

“ఇవన్నీ బాల్కనీలో పెడితే మనం ఎక్కడ నిలబడాలి?”

“ఇన్నేళ్లలో మనం ఎప్పుడు నిలబడ్డామండీ అక్కడ?”

ఆయన ఆలోచించి, నిజమే అన్నాడు.

గింజలను తడిగుడ్డల్లో మూటగట్టి, వెచ్చగా ఉంటుందని ఫ్రిజ్ మీద పెట్టింది. కొన్ని పది రోజులకి పగిలాయి, కొన్ని మూడు వారాలు ఊరించాయి. “తెలియదు” పొట్లంలో ఉన్నవే మూడు గింజలు. రెండు కుళ్లిపోయాయి. మూడోదాన్ని పారేద్దామనుకుంటూనే రోజూ గుడ్డ తడిపింది. ముప్పై ఎనిమిదో రోజున అది సూది మొనంత తెల్లటి వేరు బయటపెట్టింది. దాన్ని ఉన్నవాటిలో చిన్న డబ్బాలో, కొబ్బరి పొట్టు కలిపిన మట్టిలో నాటింది.

ఎండలు ముదిరే నాటికి బాల్కనీ నిండిపోయింది. ఒక మొక్క ఆకుల మీద తెల్లటి చారలు, ఎవరో బ్రష్ విదిలించినట్టు. ఒకదాని కాయలు వంకాయ రంగులో పుట్టి, మీగడ రంగుకు వెలిసి, చివరికి నారింజ రంగుకు పండేవి. ఒకదానివి కాల్చిన చక్కెర రంగు. నల్ల గింజల మొక్కకు ఊదా పూలు, నూగు ఆకులు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వాటి మధ్య పీట మీద కూర్చుంటే, ఏ కాయ నిన్నటికీ ఇవాళ్టికీ ఎన్ని చుక్కల పసుపు కలుపుకుందో ఆమెకు తెలిసిపోయేది. అద్దం అవతలికి పోయిన రంగులు ఒక్కొక్కటే దగ్గరికి వచ్చి కూర్చున్నాయి.

పనికి వెళ్లేముందు రోజుకో కాయ. చిటికెన వేలి గోరంత ముక్క కోసి, నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకునేది. ఎక్కడ మొదలవుతుందో అని ఎదురు చూసేది. కొన్ని మెట్లెక్కి వచ్చినట్టు నెమ్మదిగా వచ్చేవి. ఒకటి మాత్రం ఎంతసేపటికీ రాదు, ఇక రాదులే అని లేచి చెప్పులు వేసుకుంటుంటే గొంతులో తలుపు తట్టేది. దాని వేడితో ఆమె వీధిలో నడిచేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెవుల దాకా పాకే ఆ మంటలో తేలుతూ తన స్టాపు దాటిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

గాలి ఆడక పూత రాలిపోతుంటే, దుకాణం నుంచి అన్నిటికంటే సన్నటి బ్రష్ తెచ్చి, పొద్దున్నే ఒక్కో పువ్వునూ తాకేది. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని చూసేది.

“పువ్వులకి కాటుక పెడుతున్నావా?”

“పిందె నిలవడానికి అత్తయ్యా.”

“మా కాలంలో పిందెలు వాటంతట అవే నిలిచేవి. సిగ్గు శరం ఉండేది వాటికి.”

అత్తగారికి పళ్లు లేవు, చిగుళ్లకు పూత. ఏళ్ల తరబడి కారం ముట్టలేదు. చప్పిడి తిని తిని నోరు చచ్చిపోయిందని ఆమె గోల. ఒకసారి కోడలు చూడకుండా ఎర్రకాయ కొన కొరికి, రెండు రోజులు చల్లటి పాలతో బతికింది. “కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే” అని తానే చెప్పుకుంది. భర్త సంగతి ఇంకొకటి. కాయలు కోసిపెట్టి, చెయ్యి కడుక్కోకుండా కన్ను నలుపుకున్నాడు. గంటన్నర ఏడ్చాడు. “నా పెళ్లినాడు కూడా ఇంత ఏడవలేదు” అన్నాడు.

ఎండలు తగ్గాక “తెలియదు” మొక్క కాయ పట్టింది. ముడతలు పడ్డ చిన్న లాంతరులా, నిమ్మపండు రంగు. ఎలా మండుతుందో పొట్లం మీద ఒక మాట కూడా లేని కాయ. ముడతలు ఎక్కువ ఉన్నవి ఎక్కువ మండుతాయని అప్పటికి ఆమెకు అనుభవం. పక్కన పాలగ్లాసు పెట్టుకుని, గోరంత ముక్క నోట్లో పెట్టుకుంది.

ఏమీ లేదు. సగం కాయ నమిలింది. తడి కాగితం.

కళ్లు తెరిచి గోడకేసి చూస్తూ కూర్చుండిపోయింది. ఆ ఒక్క నరం కూడా పోయిందన్న మాట. ఇంకో కాయ కోసి చూసుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

“ఏమైందే, అలా కూర్చున్నావు?” అంటూ అత్తగారు కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

“మంట తెలియట్లేదు అత్తయ్యా. అదీ పోయింది.”

వద్దనే లోపల అత్తగారు ఆమె చేతిలోని మిగతా సగం తీసుకుని నోట్లో వేసుకుంది. కోడలు పాలగ్లాసు అందించబోయింది. ముసలావిడ చిగుళ్లతో నెమ్మదిగా నములుతోంది. కళ్లు పెద్దవయ్యాయి. మూసుకున్నాయి.

“నీకేం పోలేదే పిచ్చిదానా. దీనికి కారమే లేదు.”

కోడలు పక్క డబ్బాలోని ఎర్రకాయ తెంపి కొరికింది. నాలుక చివర భగ్గుమంది. అలా మండుతుండగానే నవ్వు వచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. అత్తగారు అదేమీ పట్టించుకోలేదు. ఇంకో పసుపుకాయ కోసుకుని తింటోంది.

“వాసన ఎలా ఉంది అత్తయ్యా?” అని అడిగింది కోడలు, ముక్కు తుడుచుకుంటూ.

ముసలావిడ ఆలోచించింది. “పండు వాసన. కానీ చెట్టు మీది పండు కాదు. మా అమ్మ బట్టల పెట్టెలో ముగ్గబెట్టిన పండు. పెట్టె తెరవగానే కొత్త బట్టా, పండూ కలిసి వస్తాయి చూడూ, అది. నమిలితే చివర్లో కొంచెం పూల పొడి.”

ఆ రోజు నుంచి అదొక అలవాటైంది. పొద్దున్నే కోడలు కాయ కోసి ఇస్తే అత్తగారు వాసన చూసి చెప్పేది. ఒకటి తడిసిన కట్టెలట. ఒకటి, వాన వచ్చే ముందు మేడ మీద నిలబడితే వచ్చే గాలట. ఆ మాటల్లో సగం నమ్మేటట్టు ఉండేవి కావు. అయినా అవి విన్న రాత్రి కలలో ఆమె తలుపు తీసుకుని లోపలికి నడిచేది. ఎవరూ తొందరపెట్టేవారు కాదు.

నాలుగు పసుపుకాయలు రుమాల్లో కట్టుకుని ఓడ వంటాయన గదికి వెళ్లింది. గోడలు పొగ పట్టిన ఆకుపచ్చలో, కదలని ఓడలా ఉన్నాయి. ఆయన కాయ కొరికి, ఊపిరి బిగబట్టి, మంట కోసం కాచుకున్నాడు. చాలాసేపు కాచుకున్నాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు.

“ఇది ఇచ్చినామె ఒక రేవులో గంప ముందు కూర్చుని ఉంది తల్లీ. ఎంత కారం అని సైగ చేసి అడిగితే, నా మొహం చూసి పకపకా నవ్వింది. పదహారేళ్లు దీనికి భయపడి డబ్బా అడుగున దాచాను.”

రెండేళ్ల తర్వాత వాసనలు తిరిగి వచ్చాయి, అన్నీ కాదు, వరుసలోనూ కాదు. మొదట టర్పెంటైన్, తర్వాత సబ్బు, చాలాకాలానికి తడి సున్నం. కాఫీ రాలేదు. రాకపోయినా తాగుతోంది. పొద్దుటి కాయ మాత్రం మానలేదు. భవనంలో ఏడు ఇళ్ల బాల్కనీల్లో ఇప్పుడు ఆ పసుపు మొక్క ఉంది. గింజల పొట్లాల మీద ఆమె అత్తగారి మాటే రాసి ఇచ్చింది, “బట్టల పెట్టె” అని.

ఒక ఆదివారం ఉదయం, డబ్బాలకు నీళ్లు పోస్తూ ఒక పసుపుకాయ తుంచితే, ఆ వాసన ఆమెకు తగిలింది. పీట మీద కూర్చుని మళ్లీ మళ్లీ పీల్చింది. లోపలికి వెళ్లి అత్తగారి మంచం పక్కన నిలబడింది.

“అత్తయ్యా, ఇది బట్టల పెట్టె కాదు. కొత్తగా చెక్కిన పెన్సిలు.”

“పెన్సిలా? పండును పట్టుకుని పెన్సిలంటావేంటే?”

“పెన్సిలు మీద తేనె రాసినట్టు.”

“నీ ముక్కు ఇంకా సగమే వచ్చింది. మిగతా సగం వచ్చాక మాట్లాడు.”

వాళ్లిద్దరి గొడవకు భర్త లేచి వచ్చాడు. కాయను మూడు ముక్కలు చేసి, మూడోది ఆయన చేతిలో పెట్టి తీర్పు చెప్పమన్నారు. కారం లేదని ఇద్దరూ మాట ఇచ్చాక ఆయన భయపడుతూనే నమిలాడు. తల్లీ భార్యా ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

“నాకు జలుబు చేసింది” అన్నాడాయన.