నడి మధ్యాహ్నం నేను కొట్టిన మందు

దీన్ని రాసి పెట్టకపోతే మా ఇంట్లో ఒక అబద్ధం నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అందుకే రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఏళ్లుగా ఒక బరువు మోశాను. మోయగా మోయగా అలవాటవుతుందనుకున్నాను. కాలేదు. ప్రతి ఎండాకాలం, వడగాలి మొదలవగానే, ఆ మధ్యాహ్నమే గుర్తుకొచ్చేది. ఎవరైనా నన్ను కాస్త గట్టిగా పిలిస్తే చాలు, తెలిసిపోయిందేమో అనిపించేది.

నేను పదో తరగతి దాటలేదు. కానీ చదువుతాను. పెళ్లయి అలియాబాద్ వచ్చాక షామీర్‌పేటలో గ్రంథాలయానికి పోవడం అలవాటైంది. వ్యవసాయ పత్రికలు, ఆరోగ్యం, చరిత్ర, ఏది దొరికితే అది. ఇంట్లో ఎవరికీ తెలియనివి నాకు తెలుసన్న గర్వం ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నాను? ఇప్పటికీ ఉంది.

ఆ ఏడు మా అత్తమ్మ తనకు మిగిలిన చెలకలో, ఆ ఒక్క మెట్ట పొలంలో, నిమ్మ మొక్కలు పెట్టించింది. చుట్టూ భూములన్నీ ప్లాట్లయిపోయాయి. ఇదొక్కటీ అమ్మనని ఆమె పట్టు. మొక్కల్ని చూసుకునే పని నాదీ, మా యారాలు సుజాతదీ. సుజాత మా మరిది భార్య, నాకంటే చిన్నది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు పాదులకు నీళ్లు పెట్టేది. లేత కాండాలకు సున్నం పూసేది. పడమటి ఎండ తగలకుండా కర్రలు పాతి గోనెసంచులు కట్టాం. తడి ఆరకుండా వరిగడ్డి పరిచాం. అంత ఎండలోనూ మొక్కలు నిలబడ్డాయి.

అప్పుడు లేత ఆకుల మీద తెల్లటి వంకర గీతలు కనిపించాయి. పాముపొడ అంటారు. ఆకు లోపల పురుగు తొలుచుకుంటూ పోయిన దారి అది. వేపనూనె, సబ్బునీళ్లు కలిపి కొట్టాలని గ్రంథాలయంలో ఒక పాత పత్రికలో చదివాను. అత్తమ్మకు చెబితే ఒప్పుకోదు. బుక్కుల మందులు నా చెట్లకు వద్దని ముందే అన్నది. అందుకే చెప్పలేదు. మొక్కలు బాగయ్యాక చెబుదాం, అందరూ నోరు తెరుస్తారు అనుకున్నాను. ఎవరి కంటా పడకుండా కొట్టాలంటే నాకు దొరికిన వేళ ఒకటే, నడి మధ్యాహ్నం, అందరూ తలుపులేసుకుని పడుకున్నప్పుడు. తల మీద తడి తువాల వేసుకుని, మందు కొట్టే పంపు భుజానికి తగిలించుకుని, నిప్పులు చెరిగే ఎండలో ఒక్క మొక్కనూ వదలకుండా తడిపాను. పత్రికలో రాసినదానికంటే నూనె ఎక్కువే పోశాను, ఇంకా బాగా పనిచేస్తుందని.

అంత ఎండలో నూనె పడితే ఆకు కాలిపోతుంది. ఆ సంగతి అదే వ్యాసం చివర రాసి ఉంది. నేను చివరిదాకా చదవలేదు. సగానికి వచ్చేసరికే నాకంతా తెలిసిపోయిందనుకుని పత్రిక మూసేశాను.

ఆకులు మాడాయి. తర్వాత రాలాయి. బోసిపోయిన లేత కొమ్మలు ఎండకు తట్టుకోలేదు. కట్టిన గోనెసంచులు కట్టినట్టే ఉన్నాయి, వాటి వెనక చాలా చోట్ల పుల్లలు మాత్రం మిగిలాయి.

అత్తమ్మ చెలక చూసి వచ్చి సుజాతను వాకిట్లోకి పిలిచింది. ఆ వారమే సుజాతకు నెలసరి వచ్చింది. నెలసరి రోజుల్లో ఆడది నిమ్మతోటలో అడుగుపెడితే చెట్లు మాడిపోతాయని మా ఇంట్లో నమ్మకం. సుజాత చెలకలోకి పోవడం అత్తమ్మ చూసింది. కానీ పంపింది నేను. నీళ్లు తప్పితే మొక్కలు దక్కవు, అవన్నీ ఉత్త భయాలు, సైన్సు అలా చెప్పదు అని ధైర్యం చెప్పి మరీ పంపాను.

"బయటుండి తోటలకెందుకు పోయినవే?" అన్నది అత్తమ్మ.

"నీళ్లు పెట్టనీకె పోయిన అత్తమ్మా. నేనేం జేసిన?"

"ఏం జేసినవా? పోయి సూడు, పొయిల కట్టెలైనయ్. కండ్లు నెత్తికెక్కినయా నీకు?"

సుజాత నా వైపు తిరిగింది. "అక్కా, జెర నువ్వన్న జెప్పు. గట్లేం గాదని బుక్కులల్ల ఉన్నదంటివి గద."

"జెప్పవే," అన్నది అత్తమ్మ నాతో. "మా ఇంట్ల నడిశే లైబ్రరీవి గద నువ్వు!"

"నాకేం తెల్వదు," అన్నాను.

అంతే. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. ఎందుకన్నాను? నెలసరితో చెట్లు చావవని చెబితే, మరి ఎట్ల సచ్చినయ్ అనే ప్రశ్న వస్తుంది. కొట్టంలో నేను దాచిన పంపు ఇంకా వేపనూనె వాసన కొడుతూనే ఉంది. భయపడ్డాను. ఏమీ చదవని మనిషి ఆ నమ్మకాన్ని నమ్మి మాట్లాడితే అదొక తప్పు. అది అబద్ధమని తెలిసీ దాని వెనక దాక్కున్న నన్ను ఏమనాలి?

సుజాత మళ్లీ నన్నేమీ అడగలేదు. ఆనాటి నుంచి ఆమెను చెలకలోకి రానివ్వలేదు. బర్రె ఈనకపోయినా, బోరు ఎండినా, ఆమె అడుగు మంచిది కాదన్నారు. నేను వింటూ ఉన్నాను. చివరకు మా మరిదీ, ఆమే మచ్చ బొల్లారంలో కిరాయి ఇంటికి పోయారు. వాళ్లు పోయిన రోజు నాకు ఊపిరాడింది. అది కూడా రాయాలి.

ఈ మధ్య వాళ్ల బిడ్డ నవ్య పెద్దమనిషైంది. చూడబోయాను. ఆ పిల్ల పాత పెయింటు డబ్బాలో గులాబీ పెంచుకునేది. సుజాత ఆ డబ్బాను పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. తన చేతికే చెట్లు బతకవట, పిల్లకూ అదే వస్తుందట. ఎవరో అన్న మాట చెప్పినట్టు కాదు, తన ఒంటి సంగతి తనకు తెలిసినట్టు చెప్పింది. పిల్ల తలొంచుకుని వింటోంది.

అక్కడే, నిలబడే చెప్పాను. నోరెండిపోయింది. పంపు, నూనె, మధ్యాహ్నం, నేనన్న మాట, అన్నీ చెప్పాను.

"గిది నాకు గాదక్కా," అన్నది సుజాత. "అత్తమ్మ ముంగట జెప్పు."

నిన్న చెప్పాను. మా ఆయన కూడా ఉన్నాడు. అత్తమ్మ విని, లేచి లోపలికి పోయింది. మా ఆయన ఇంకా నాతో మాట్లాడలేదు. ఈ ఇంట్లో రేపు నా స్థానం ఏమిటో తెలియదు. భయంగానే ఉంది. కానీ తెలిసిపోతుందేమో అనే భయం మాత్రం లేదు. అది లేకుండా పడుకుంటే ఎలా ఉంటుందో మరిచిపోయాను.

సాయం చేసినవాళ్లకు కృతజ్ఞత చెప్పుకోవాలి. ఆకులు మాడాక ఆ పాత పత్రికను మళ్లీ వెతికి ఇచ్చి, ఈసారి చివరిదాకా చదివేవరకు గ్రంథాలయం తలుపు మూయకుండా ఆగిన విజయమ్మకు. పని మానుకుని నన్ను బండి మీద మచ్చ బొల్లారం తీసుకెళ్లిన మా ఆయన రాజేశానికి. అంతా విన్నాక నన్ను పెద్దమ్మా అని పిలవకపోయినా, గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టిన నవ్యకు. పోనీలే అక్కా అనని సుజాతకు.