వేళ్లకు తెలియని కాగితం

ఆ వర్క్‌షాపులో ఇనుము చెక్కే కంప్యూటర్ లేత్‌కు టూల్ అమర్చాలంటే అందరూ కాగితం బాబాయ్‌నే పిలిచేవారు. టూల్ మొనకూ ఇనుప కడ్డీకీ మధ్య సన్నని కాగితం పెట్టి, దాన్ని కదుపుతూ, టూల్‌ను కొద్దికొద్దిగా దగ్గరికి జరిపేవాడు. కాగితం బిగిసినట్టు వేళ్లకు తెలియగానే ఆ కొలతను మెషీన్‌కు ఎక్కించేవాడు. ఇరవై ఆరేళ్లుగా ఎవరూ ఆయన కొలతకు వంక పెట్టలేదు.

షుగరు వల్ల వేళ్లు మొద్దుబారుతున్నాయని ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ ఉదయం కాగితం చిరిగినా ఆయనకు తెలియలేదు. మొన కడ్డీకి తగిలి టప్పున చిట్లింది.

పక్క మెషీన్ నడిపే అమ్మాయి పరుగున వచ్చింది.

"కాగితం బిగియలేదా బాబాయ్?"

"బిగిసే ఉంటుందమ్మా. నాకే తెలీలేదు."

ఆమె కొత్త మొన బిగించి, ఇంకో కాగితం ఆయన చేతిలో పెట్టింది. టూల్‌ను జరిపే చక్రం తనే తిప్పుతూ, "ఇప్పుడు?" అంది.

"ఇంకా లేదు."

"ఇప్పుడు?"

"ఏమోనమ్మా."

ఆమె చక్రం ఆపి, కాగితం అంచు పట్టుకుని మెల్లగా లాగి చూసింది. అది కదల్లేదు.

"బిగిసింది బాబాయ్," అంది, తల ఎత్తకుండా.

"అయితే కొలత నువ్వే ఎక్కించు తల్లీ," అన్నాడాయన. ఆమె మీటలు నొక్కుతుంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక అలాగే నిలబడిపోయాడు.