ఏటి అవతలి కూత

మంజీర లోయ అందం గురించి మాట్లాడని మగవాడు ఆ రోజుల్లో మెదక్‌లో ఉండేవాడు కాదు. అయితే వాళ్ళకు తెలిసిన అందమంతా చివరికి పొయ్యి మీదికే చేరేది. దుప్పి మాంసమైతే వరుగులు చేయాలి, కుందేలైతే చింతచిగురు వేసి వండాలి, అడవిపందికి కొవ్వు తీయకూడదు. నెమలి ఏ వేళకు నీళ్ళకు దిగుతుందో గడియారం చూసినట్టు చెప్పేవాళ్ళు. ఆ తెలివి దేనికో అడగనక్కర్లేదు. ఏడుపాయల బండల మీద మొసలి నోరు తెరుచుకుని ఎండకు పడుకుంటుందని నాతో మురిసిపోతూ చెప్పిన పెద్దమనిషి, దాని మీద తాను రాళ్ళు ఎట్లా విసిరాడో కూడా అంతే మురిపెంగా చెప్పాడు.

నేను ఆ ఊరికి కోడలిగా వచ్చి మిషన్ బడిలో పంతులమ్మగా చేరాను. మా ఇంట్లో ఈ విద్యలో ఆరితేరినవాడు నా మరిది. అతనిది కౌజుల వేట. కౌజు అంటే కోడిపెట్టలో సగముండే బూడిదరంగు పిట్ట. పొదల కింద ఉరకడమే గానీ ఎగరడమంటే దానికి బద్ధకం. తెల్లవారితే మగపిట్ట ఏ రాయో ఎక్కి, ఇది నా జాగా అని లోయంతా వినబడేలా కూస్తుంది. ఆ జాగాలో ఇంకో మగపిట్ట గొంతు వినిపిస్తే ఇక ఆగదు, కొట్లాటకు వస్తుంది.

ఆ రోషమే దాని చావు. మరిది తన పెంపుడు కౌజును పంజరంలో పెట్టి పొద పక్కన ఉంచేవాడు. చుట్టూ గుర్రపు తోక వెంట్రుకలతో పేనిన ఉచ్చులు పరిచేవాడు. తాను కొంచెం దూరంలో బోర్లా పడుకునేవాడు. లోపలిది కూసేది, అడవి కౌజు ఆవేశంతో ఉరికొచ్చి ఉచ్చులో కాలు పెట్టేది. కూసేది ఒక పిట్ట, చచ్చేది ఇంకో పిట్ట, మధ్యలో పడుకున్నవాడు వేటగాడు! ఆదివారం పూట చర్చిలో ఆఖరి పాటకు వచ్చి, చొక్కాకు అంటుకున్న పల్లేరు కాయలు ఏరుకుంటూ ఆమెన్ అనేవాడు.

అతనికి జంగ్లాత్ ఆఫీసులో, అంటే అడవుల ఆఫీసులో, టెంపరరీ నౌకరి. ఇవాళ ఉంటే రేపటి మాట దేవుడెరుగు. పట్టిన కౌజులన్నీ నౌకరి పర్మనెంటు చేయించగలమన్న వాళ్ళ ఇళ్ళకే పోయేవి. తిన్నవాళ్ళందరూ "నీ పని అయినట్టే" అని మూతి తుడుచుకునేవారు. తిన్నది చక్కగా అరిగేది. కాగితం మాత్రం ఉన్నచోటనే ఉండేది.

ఆ పర్మనెంటు కోసం నిజంగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది నా యారాలు, అతని భార్య. పర్మనెంటు అయితే కిరాయికి ఒక గది, అందులో తనదైన పొయ్యి. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు. ఒకే వంటింట్లో నా నోటి కింద బతకడం అంత సులువు కాదని నాకూ తెలుసు. పంజరంలో పిట్టను సాకింది కూడా ఆమే. రోజూ పొద్దున్నే పుట్ట తవ్వి చెదలు తెచ్చి, అరచేతిలో పోసి తినిపించేది.

"తిను కొడుకా, నీ కూతతోనే మాకు ఇల్లు రావాలె" అనేది దానితో. నవ్వుతూ అన్నా ఆ మాట నిజమే.

ఒక ఎండాకాలం ఆఫీసుకు కొత్త సారు వచ్చాడు. కోస్తా జిల్లాల మనిషి. మంజీర ఒడ్డున పిక్నిక్ పెట్టమన్నాడట. కౌజులను అక్కడే పట్టాలి, అక్కడే వండాలి, భార్యాపిల్లలు కళ్ళారా చూడాలి. మరిది ఆ వార్త మోసుకుని గాల్లో తేలుతూ ఇంటికి వచ్చాడు.

"వదినా, సారు తిన్న దినమే సంతకం. మీరిద్దరు రావాలె. మసాలా మీరే నూరాలె."

"ముందుగాల పిట్టలు దొరకనియ్యి" అన్నాను.

"గా లోయల కౌజులకు కరువా? బండకొకటి కూస్తది!"

ఒకప్పుడు కూసేది. ఏటికేడాది అతని సంచి తేలికైపోతున్నది నేను చూస్తూనే ఉన్నాను. సంచి మోసేవాడికి మాత్రం ఆ సంగతి తెలియలేదు. తెలిసినా ఇవాళ కాకపోతే రేపు అనుకునే రకం.

తెల్లవారకముందే మమ్మల్ని జీపులో కుక్కి తీసుకుపోయారు. ఏరు ఎండాకాలపు ఏరు. బండల సందుల్లో మోకాటి లోతు నీళ్ళు, మిగతాదంతా ఇసుక. అవతల అల్లాదుర్గ్ వైపు గుట్టలు, తంగేడు పొదలు, ఆకులు రాలిన తునికి చెట్లు. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ ఒకటి మమ్మల్ని చూసి, వీళ్ళ సంగతి మనకెందుకన్నట్టు లేచి పోయింది. దానికున్న బుద్ధి మాకు లేదు.

యారాలూ నేనూ బండ నీడన మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, అల్లం వెల్లుల్లి నూరి, ఉల్లిగడ్డలు తరిగి పెట్టుకున్నాం. మరిది పంజరం పెట్టి, ఉచ్చులు పరిచి పడుకున్నాడు. సారు అతని వెనకాలే చెట్టు కింద కుర్చీ వేయించుకున్నాడు. పిట్ట కూసింది. గొంతు పగిలేలా కూసింది. లోయలో ఎవరూ పలకలేదు.

మరిది చోటు మార్చాడు. మళ్ళీ మార్చాడు. ఎండ ఎక్కింది.

"ఏమయ్యా, నీ పిట్టకు చుట్టాలెవరూ లేరా?" అన్నాడు సారు. "మసాలా వాసన వస్తోంది గానీ మాంసం ఏదీ?"

అంతలో ఏటికి అవతలి నుంచి కూత వినిపించింది. ఖంగుమనే గొంతు. మరిది ముఖం వెలిగిపోయింది. మాది కూస్తే అది కూస్తుంది, అది కూస్తే మాది ఇంకా గట్టిగా కూస్తుంది. రెండూ తిట్టుకుంటున్నాయే గానీ అవతలిది అడుగు ముందుకు వేయదు. చాలాసేపు చూసి సారు విసుక్కున్నాడు. మరిది ప్యాంటు మడిచి ఏరు దాటాడు. తంగేడు పొద వెనక్కి పోయాడో లేదో, అక్కడి నుంచి మనిషి అరుపు వినబడింది.

"ఎవడవయ్యా నువ్వు? నా వేట ఖరాబు జేస్తున్నవ్!"

అవతలి ఒడ్డు రైతు ఒకాయన, తన పంజరం ముందు తన ఉచ్చులు పరుచుకుని, బోర్లా పడుకుని ఉన్నాడు.

"పొద్దుగాల సంది గీ కూత ఇనుకుంట పండుకున్న. మస్తు పుంజు దొరికిందనుకున్న. నీదా అది? థూ!"

"నీదా ఇది?" అన్నాడు మరిది.

నాకు నవ్వు ఆగలేదు. ఇద్దరు వీరులు, ఏటికి చెరొక పక్కన బోర్లాపడి, ఒకరి పంజరాన్ని ఒకరు పట్టుకుందామని చూస్తున్నారు! నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాక మాత్రం ఒళ్ళు మండింది. అంత పొడుగు లోయలో ఆ పొద్దున వినిపించినవి ఆ రెండు గొంతులే. బయట బతికి ఉన్న కౌజు ఒక్కటి కూడా బదులు పలకలేదు. అన్నింటినీ ఊరు తినేసింది.

సారు నవ్వలేదు. "ఆ కథలు నాకెందుకు? పిల్లలు ఆకలంటున్నారు. నీ దగ్గర ఒకటుందిగా" అని పంజరం వైపు చూపించాడు.

యారాలు చటుక్కున లేచింది. "అది ఇంటి పిట్ట సారు. చేతుల పెడితే తింటది."

"చేతిలో తినేదైతే మెత్తగానే ఉంటుందమ్మా" అన్నాడు ఆ మహానుభావుడు.

మరిది తల గోక్కుంటూ భార్య పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, "సంతకం, కిరాయి ఇల్లు... ఇగ నువ్వే చెప్పు" అన్నాడు. పాపం కూడా పెళ్ళాం చేతనే మోయించాలి. అడవిలో ఒక పిట్ట చేత ఇంకో పిట్టను చంపించినవాడికి అది కొత్త కాదు.

ఆమె నా వైపు తిరిగింది. "అక్కా?"

"ఇచ్చేది లేదు. గిన్నెలు సదురు, పోదాం పా" అన్నాను.

ఆమె పంజరాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"పోయి మళ్ళ నీ వంటింట్లనే గదక్కా ఉండాలె. ఇంకెన్నేండ్లు?"

సదరబోయిన గిన్నెను మళ్ళీ పొయ్యి పక్కనే పెట్టేశాను.

మరిది పంజరం తీసుకుని బండ వెనక్కి పోయాడు. ఆమె వంగి పొయ్యి ఊదింది. కళ్ళలో నీళ్ళు పొగవేనన్నట్టు మళ్ళీ మళ్ళీ కొంగుతో తుడుచుకుంది. ఉప్పూ కారం సరిగ్గా పడేలా, ఎంతో శ్రద్ధగా వండింది. సారు నాలుగు ముక్కలు నమిలి, "కాస్త ముదురు" అని ఎముకలు ఏట్లోకి విసిరాడు.

సంతకం పడింది. మాట తప్పలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. మరిదికి పర్మనెంటు గార్డు ఉద్యోగం. పని ఏమిటంటే, మంజీర లోయలో పిట్టలనూ జంతువులనూ ఎవరూ పట్టకుండా కాపలా కాయడం. ఊరి పెద్దలు వచ్చి, ఆ లోయ గురించి ఇతనికి తెలిసినంత ఎవరికి తెలుసని మెచ్చుకుని పోయారు.

వెనక గల్లీలో గది కిరాయికి తీసుకున్నారు. మొదటి రోజు యారాలికి తోడుగా నేనూ వెళ్ళాను. కొత్త పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నది. మరిది కొత్త ఖాకీ బట్టలు వేసుకుని, టోపీ సరిచేసుకుంటూ, ఎట్లున్న అన్నట్టు భార్య ముందు నిలబడ్డాడు. ఆమె అతన్ని కింది నుంచి మీదికి చూసింది.

"గా లోయల ఇంక ఏమున్నదని కాపలా కాస్తవయ్యా?"

"ఏముంటే నీకేంది? జీతమొస్తది గద" అని మరిది సైకిలెక్కి డ్యూటీకి పోయాడు.