ఎవరూ జవాబివ్వని మెసేజ్

2022లో, కరోనా తర్వాత బడులు మళ్లీ నిండుగా నడుస్తున్న రోజుల్లో, అమీర్‌పేటలోని ఒక ప్రైవేటు స్కూల్లో కౌన్సిలర్‌గా చేరాను. మూడో అంతస్తు చివర, ఆటసామాను పెట్టే గది పక్కన నాకో గది ఇచ్చారు. అందులోకి వెళ్తే పిచ్చి అనుకుంటారని పిల్లలు ఆ వైపే వచ్చేవారు కాదు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని నేనొక్కదాన్నే తినేదాన్ని.

ఆ స్కూల్లో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. తొమ్మిదో తరగతి మౌనికను అలాగే పై సెక్షన్ నుంచి కింది అంతస్తులోని సెక్షన్‌కు పంపారు. అక్కడ లంచ్ టైము కూడా వేరు. చిన్నప్పటి నుంచి కలిసి తిన్న స్నేహితురాళ్లు పైనే ఉండిపోయారు. ఒక ఆదివారం సాయంత్రం పాత సెక్షన్ వాట్సాప్ గ్రూపులో ఆ పిల్ల మెసేజ్ పెట్టింది: "రేపు స్కూల్‌ను పేల్చేస్తా. ఎవ్వరు రాకుర్రి."

తెల్లారేసరికి ఆ స్క్రీన్‌షాట్ తల్లిదండ్రుల గ్రూపులన్నీ చుట్టేసింది. దాని కింద ఎవరో 'టెర్రరిస్ట్' అని చేర్చారు. గేటు దగ్గర పోలీసులు, బ్యాగుల తనిఖీ. మౌనికను తెచ్చి నా గదిలో కూర్చోబెట్టారు.

ఇలాంటప్పుడు మేం చేసేదాన్ని థ్రెట్ అసెస్‌మెంట్ అంటారు. బెదిరింపు వెనక నిజంగా ఉద్దేశం ఉందా, అందుకు ఏర్పాట్లు ఉన్నాయా, లేక బాధే అలా బయటపడిందా అని నిదానంగా అడిగి తేల్చుకోవడం.

"దేంతో పేలుస్తావమ్మా?" అన్నాను.

"దేంతోటి మేడం? నాకు గ్యాస్ పొయ్యి ముట్టియ్యాలంటే సుత భయం."

"మరెందుకు పెట్టావు?"

చున్నీ కొస నలుపుతూ చెప్పింది. "అంతకుముందు మస్తు మెసేజులు పెట్టిన మేడం. హాయ్ అన్న, తిన్నరా అన్న. ఎవ్వలు మాట్లాడలే. గిది చూసన్న ఏమైందే అంటరనుకున్న."

"అన్నారా?"

"లే. స్క్రీన్‌షాట్ తీసిర్రు."

నా మనసు చివుక్కుమంది. ఎస్సై కూడా ఆ పిల్లతో మాట్లాడి, ఫోన్ చూసి, "ఇంటికి పంపుర్రి, జర కనిపెట్టుకొని ఉండుర్రి" అని వెళ్లిపోయాడు. పోలీసులే వదిలేసినా మావాళ్లు వదల్లేదు.

"పేరెంట్స్ ఊరుకోరండీ. టెర్రరిస్టును ఉంచుకున్నారంటున్నారు. టీసీ ఇచ్చి పంపేద్దాం" అన్నారు ప్రిన్సిపల్ గారు, టీచర్లందరినీ కూర్చోబెట్టి.

"టెర్రరిస్టేంటండీ! పిల్ల తప్పు చేసింది, శిక్ష వేయండి. ఆ పిల్లకు కావలసింది పక్కన కూర్చుని తినే మనిషి" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. టీచర్లలో నా వైపు మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు.

మౌనిక తండ్రి సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. పని బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. "టీసీ ఇయ్యమనుర్రి మేడం, తీసుకపోత. గా మాట ఒక్కటి తియ్యమనుర్రి. గా పేరు తోటి నా బిడ్డను ఎవలు చేర్చుకుంటరు?" అన్నాడు.

పట్టుబట్టి స్కూల్ రిపోర్టులోంచి ఆ 'టెర్రరిస్ట్' మాట తీయించాను. ఫోన్లలోంచి తీయించడం నా వల్ల కాలేదు. ఆ పిల్ల టీసీ తీసుకుని వెళ్లిపోయింది.

కొన్ని నెలలకు పంజాగుట్ట మెట్రో స్టేషన్లో వేరే యూనిఫాంలో కనిపించింది. నన్ను చూసి ఆగింది.

"కొత్త స్కూల్ ఎలా ఉంది?"

"మంచిగనే ఉంది మేడం. అందరు నన్ను మస్తు మంచి పిల్ల అంటరు."

"పోనీలే, సంతోషం."

"ఆడ నేను ఎవ్వలితోటి మాట్లాడ గద" అంది. ఇంతలో రైలొచ్చింది.

ఇప్పుడు నేను చాలా స్కూళ్లకు కౌన్సిలర్‌గా వెళ్తున్నాను. ఏ స్కూల్ నుంచైనా, ఫలానా పిల్ల బెదిరిస్తోందని ఫోన్ వస్తే, ముందు నేను ఒకటే అడుగుతాను: "ఆ పిల్లకు ఎవరైనా జవాబిచ్చారా?" చాలాసార్లు అవతలివాళ్లు, "స్క్రీన్‌షాట్ పంపమంటారా మేడం?" అంటారు.