మా ప్యాసింజర్ రైల్లోకి యుద్ధం వచ్చినప్పుడు

ధర్మవరం నుంచి హిందూపురానికి రోజూ పొద్దున ప్యాసింజర్లో పోతాను. అక్కడ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నా పని. ఎప్పుడూ ఒకే బోగీలో ఎక్కేవాళ్లం కాబట్టి పేర్లు తెలియకపోయినా ముఖాలన్నీ తెలుసు. ఎవరైనా ఒకరోజు రాకపోతే మరునాడు అడిగేవాళ్లం.

ఆ వేసవిలో సరిహద్దు దగ్గర మనవాళ్లను చంపారన్న వార్త వచ్చినప్పుడు బోగీ అంతా అదే మాట. నా ఎదురుగా కూర్చునే ఆవిడ ఫోనులో ఫొటోలు చూసి కళ్లు తుడుచుకుంది. ఎవరో యుద్ధం మాట ఎత్తితే, పట్టుగూళ్ల వ్యాపారం చేసే పెద్దాయన అడ్డుపడ్డాడు.

"యుద్ధమంటే నోటితో చేసేది కాదప్పా. ఆడ పోయేది మన పిల్లోళ్లే."

అందరూ తలలూపారు. నాకు కాస్త ధైర్యమొచ్చింది. నా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు, సరిహద్దు దగ్గరే. ఆ సంగతి బోగీలో పెద్దాయన ఒక్కడికే తెలుసు.

తర్వాత మాటలు మెల్లగా మారాయి. మొదట ఫోన్ల శబ్దం పెరిగింది. ఆ తర్వాత, "ఇంకా ఎందుకు ఊరికే ఉండారు?" అన్నారు. అన్నది తలలూపినవాళ్లే. కళ్లు తుడుచుకున్న ఆవిడ కూడా, "ఒక్కణ్ణీ మిగల్చకూడదు" అనింది. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు, వాదన జరగనే లేదు. వద్దన్న మాట వినిపించడం మానేసింది, అంతే.

మన విమానాలు పోయి బాంబులు వేసి వచ్చాయని తెలిసిన పొద్దున బోగీలో మిఠాయి పంచారు. అందరికంటే గట్టిగా అరిచింది పెద్దాయనే. ఆయన మెడనరాలు ఉబ్బిపోయాయి. హిందూపురంలో దిగాక పక్కకు పిలిచి అడిగాను.

"ఏమి పెద్దాయనా, నువ్వు కూడానా?"

ఆయన చుట్టూ చూశాడు. "ఏం చేయమంటావమ్మా? నేనొక్కణ్ణే వద్దంటే రేపు నన్ను ఆ బోగీలో కూర్చోనిస్తారా? నిన్న మార్కెట్లో ఒకాయన ఒక్క మాటన్నాడని 'నువ్వు ఏ దేశపోడివి' అని చొక్కా పట్టుకున్నారు. నా కండ్లతో చూసినా."

ఆ రోజు నుంచి మనుషులు అరుస్తున్నప్పుడు అందులో ఎంత కోపమో, ఎంత భయమో నాకు తెలియకుండా పోయింది.

మరునాడు పెనుకొండలో నా మరదలు రైలెక్కింది. తమ్ముడి భార్య అని పెద్దాయనకు చెవిలో చెప్పాను. ఏడో నెల కడుపుతో ఉంది, హిందూపురం ఆసుపత్రిలో చూపించుకోవాలి. అప్పటికి రెండు రోజులుగా తమ్ముడి ఫోను పలకడం లేదు. నా పక్కన కూర్చుని కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. బోగీలో నినాదాలు మొదలయ్యాయి. అందరూ చేతులెత్తారు. ఆమె ఎత్తలేదు.

ఫోనులో వీడియో తీస్తున్న ఒకతను మా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఏమక్కా, నువ్వు అరవలేదే? నీది ఈ దేశం కాదా?"

ఆమెను కాపాడాలనే పెద్దాయన లేచాడు. "ఆ పాప మొగుడు మిలిటరీలో ఉండాడు. వదిలేయండప్పా."

వదల్లేదు. ఆ మాటతో బోగీ మొత్తం ఆమె మీదికి ఎగబడింది. కాళ్లకు మొక్కినవాళ్లున్నారు. ఎవరో మెడలో పూలదండ వేశారు. వీడియో తీసేవాడు ఫోను ఆమె ముఖానికి దగ్గరగా పెట్టాడు.

"ఒక్క మాట చెప్పక్కా. మీ ఆయన తిరిగి రాకపోయినా గర్వమేనని చెప్పు."

మరదలు అతని కళ్లలోకి చూసింది. "రావాలప్పా. నాకు ఆయన తిరిగి రావాల" అని ఏడ్చేసింది.

వీడియోలో ఆ మాట లేదు. దండ, కన్నీళ్లు, నినాదాలు మాత్రమే ఉంచి, కింద 'వీరపత్ని' అని రాసి పంపాడు. మేము ఆసుపత్రి నుంచి బయటపడేలోపే అది పెనుకొండ చేరింది. మధ్యాహ్నం ఆమెను పెనుకొండలో మా పుట్టింటికి తీసుకుపోయేసరికి వీధంతా జనం. మా నాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. తమ్ముడు పోయాడని పక్కింటావిడ శోకాలు పెడుతోంది. ఎవరో ఫొటోకు ఫ్రేము కట్టించాలని, విగ్రహం పెట్టాలని మాట్లాడుతున్నారు.

"ఎవరు చెప్పినారు? ఎవరు చెప్పినారబ్బా మీకు?" అని అరిచాను. అందరూ ఫోన్లు చూపించారు. నాయన నా చెయ్యి పట్టుకుని, "నీకు తెలిసి దాస్తాండావా అమ్మా?" అన్నాడు. లేదంటే నమ్మలేదు. కాసేపటికి నన్ను నేనే నమ్మలేకపోయాను. మరదలు మాత్రం దండ తీసి పక్కన పెట్టి, లోపలికి పోయి గోడకానుకుని కూర్చుంది. పచ్చి నీళ్లు ముట్టలేదు.

కాల్పులు ఆపారని టీవీలో చెప్పిన మరునాడు తమ్ముడు ఫోను చేశాడు. అక్కడ పైవాళ్లు అందరి ఫోన్లూ తీసేసుకున్నారట, అంతే. "ఏమక్కా, అందరి గొంతులు అట్లుండాయి?" అని అడిగాడు. నాయన ఫోను తీసుకుని, "తిన్నావా నాయనా?" అన్నాడు. వెంటనే ఫోను మరదలి చేతిలో పెట్టాడు.

సోమవారం రైల్లో అందరూ కోపంగా ఉన్నారు. "అప్పుడే ఆపేసినారే! ఇంకొన్నాళ్లు కొట్టింటే అయిపోయేది" అంటున్నారు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తమ్ముడు బతికే ఉన్నాడని చెబితే వాళ్లు సంతోషపడ్డారు. నిజంగానే పడ్డారు, అబద్ధం చెప్పను. మిఠాయి తెచ్చి నా చేతిలో పెట్టింది కూడా వాళ్లే. ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను.

కాన్పుకు హిందూపురం పోయేటప్పుడు రైలు వద్దంది మరదలు. బస్సులో పోయాం. ముందు సీట్లో ఒకాయన ఫోనులో వార్తలు గట్టిగా పెట్టాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "వదినా, ఏమంటాండారో విను. మళ్లీ మొదలైనాదా?"

విన్నాను. వానల గురించి చెబుతున్నారు.